10 జిల్లాలు 33 అయినప్పుడు మన ప్రోగ్రాం ఏమైతది? ఆబ్జెక్ట్‌ల అర్రేకి రన్ టైంలో మెమరీ

  ఈ ఎపిసోడ్‌లో సి ప్లస్ ప్లస్‌లో చాలామందిని తిప్పలు పెట్టే టాపిక్ ఒకటి చూద్దాం. అదే ఆబ్జెక్ట్‌ల అర్రేకి డైనమిక్‌గా మెమరీ తీసుకోవడం. ల్యాబ్ ఎగ్జామ్‌లో అడుగుతారు, వైవాలో అడుగుతారు, ఇంటర్వ్యూలో కూడా అడుగుతారు. అడిగినప్పుడు "న్యూ వాడాలి సార్, డిలీట్ వాడాలి సార్" అని చెప్పి ఆగిపోతే మార్కులు సగమే. అసలు లోపల ఏం జరుగుతుందో ఈ రోజు పూర్తిగా తెలుసుకుందాం.

క్లాస్ అంటే ఏంది, కన్‌స్ట్రక్టర్ అంటే ఏంది, పాయింటర్ అంటే ఏంది, ఈ మూడు తెలిస్తే చాలు. లాప్‌టాప్ లేనోళ్లు ఫోన్‌లో ఏదన్నా సి ప్లస్ ప్లస్ కంపైలర్ యాప్ పెట్టుకొని చేసినా నడుస్తది. ఒక చిన్న మాట: ఈ పేజీలో కోడ్‌ని చదువుకోవడానికి వీలుగా తెలుగు అక్షరాల్లో ఇచ్చాం. మీరు టైప్ చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టండి.

ముందు సమస్య ఏంటో చూద్దాం

మన రాష్ట్రం జిల్లాలనే ఉదాహరణగా తీసుకుందాం. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడ్డప్పుడు ఎన్ని జిల్లాలు? 10. అందులో నల్గొండ ఒకటి, మహబూబ్‌నగర్ ఒకటి. ఆ రోజుల్లో ఒకాయన జిల్లాల వివరాలు పెట్టే ప్రోగ్రాం రాశాడనుకోండి. ఏం రాస్తాడు?

జిల్లా జాబితా[10];

సరిపోయింది. ప్రోగ్రాం మంచిగ నడిచింది. తర్వాత 2016 అక్టోబర్ 11, దసరా రోజున జిల్లాలు 31 అయినయ్. ఉమ్మడి నల్గొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరైనయ్. ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వేరైనయ్. షాద్‌నగర్ రంగారెడ్డిలోకి పోయింది, కొడంగల్ వికారాబాద్‌లోకి పోయింది. అంతటితో ఆగలేదు. 2019 ఫిబ్రవరి 17న ములుగు, నారాయణపేట కూడా జిల్లాలయినయ్. మొత్తం 33.

ఇప్పుడు ఆ 10 గదుల అర్రేలో 33 జిల్లాలు ఎట్లా పెడతారు? పట్టవు. పట్టవు అన్న సంగతి సి ప్లస్ ప్లస్ మీకు చెప్పదు కూడా. జాబితా[10]లో రాస్తే, అంటే 11వ గదిలో రాస్తే, అక్కడ వేరే వేరియబుల్ ఉంటే దాని మీదనే రాసేస్తుంది. ఒక్కోసారి ప్రోగ్రాం కూలిపోతుంది. ఒక్కోసారి కూలకుండా తప్పుడు జవాబు ఇస్తుంది. కూలితే కనీసం మనకు తెలుస్తది. తప్పుడు జవాబు ఇస్తేనే ఎక్కువ ప్రమాదం.

"అయితే ముందే 100 అని పెట్టుకుంటే అయిపోతది కదా అన్నా" అని కొందరు అడుగుతారు. రెండు ఇబ్బందులున్నయ్. ఒకటి, 33 జిల్లాలకు 100 గదులంటే 67 గదులు వృథా. పైగా ఆబ్జెక్ట్‌ల అర్రేలో ఆ 67 ఖాళీ ఆబ్జెక్ట్‌లకు కూడా కన్‌స్ట్రక్టర్ నడుస్తది. రెండోది, 100 కూడా ఒకరోజు సరిపోకపోవచ్చు. అంచనా వేసి పెట్టిన ఏ నంబరైనా అంతే.

అట్లని ఫిక్స్‌డ్ అర్రే చెడ్డది అనుకోకండి. నాగార్జునసాగర్ డ్యామ్‌కి క్రెస్ట్ గేట్లు ఎన్ని? 26. రేపు పొద్దున ప్రోగ్రాం నడిపేసరికి అవి 27 కావు. అట్లాంటి చోట గేట్ గేట్లు[26] అని రాస్తే నూటికి నూరు శాతం కరెక్ట్. లెక్క ముందే తెలిసి, మారదని తెలిస్తే, పైగా చిన్నదైతే ఫిక్స్‌డ్ అర్రే పెట్టుకోండి. ప్రోగ్రాం నడిచేటప్పుడే లెక్క తెలుస్తది అంటే మాత్రం డైనమిక్.

స్టాక్, హీప్

ఫంక్షన్ లోపల మామూలుగా రాసే అర్రే స్టాక్ అనే చోట ఉంటుంది. ఫంక్షన్ మొదలైతే వస్తుంది, అయిపోతే దానంతట అదే పోతుంది. మనం ఏమీ చేయనక్కర్లేదు. కానీ స్టాక్ చిన్నది. లినక్స్‌లో మామూలుగా 8 ఎంబీ, విండోస్‌లో 1 ఎంబీ.

ఒక ఆబ్జెక్ట్ సైజు 40 బైట్లు అనుకోండి. లక్ష ఆబ్జెక్ట్‌లు అంటే 40 లక్షల బైట్లు, సుమారు 4 ఎంబీ. స్టాక్ మీద పెడితే లినక్స్‌లో నడుస్తది, విండోస్‌లో స్టాక్ ఓవర్‌ఫ్లో అని కూలుతది. ఒకే కోడ్ ఫ్రెండ్ సిస్టంలో నడిచి మీ సిస్టంలో నడవకపోతే ఇది కూడా ఒక కారణం కావచ్చు.

ఇంకోటి హీప్. ఇది పెద్ద చోటు. ప్రోగ్రాం నడుస్తుండగా "నాకు ఇంత కావాలి" అని ఇక్కడ అడిగి తీసుకోవచ్చు. అయితే దానంతట అది ఖాళీ కాదు. తీసుకున్నోళ్లే తిరిగి ఇవ్వాలి. ఈ ఎపిసోడ్ మొత్తంలో గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఒక్కటే: ఎంత కావాలో తెలిసినప్పుడు అడగండి, ఎట్లా తీసుకున్నారో అట్లనే తిరిగి ఇవ్వండి.

మధ్యలో ఒక డౌట్ తీర్చేద్దాం. కొందరు ఎన్ విలువ యూజర్ దగ్గర తీసుకొని జిల్లా జాబితా[ఎన్] అని రాస్తారు. జీసీసీలో కంపైల్ కూడా అవుతుంది. కానీ అది జీసీసీ ఇచ్చే అదనపు సౌకర్యం, సి ప్లస్ ప్లస్ స్టాండర్డ్‌లో లేదు. విజువల్ స్టూడియోలో ఎర్రర్ వస్తది. పైగా అది కూడా స్టాక్ మీదనే ఉంటుంది. కాబట్టి ఆ అలవాటు వద్దు.

మన క్లాస్

క్లాస్ పేరు జిల్లా. లోపల రెండు మెంబర్లు: పేరు అనేది స్ట్రింగ్, మండలాలు అనేది ఇంట్. ఏ ఆర్గ్యుమెంట్లూ లేని ఒక కన్‌స్ట్రక్టర్, అందులో "పుట్టింది" అని ప్రింట్ చేయండి. ఒక డిస్ట్రక్టర్, అందులో "పోయింది" అని ప్రింట్ చేయండి. ఈ రెండు ప్రింట్లు తప్పకుండా పెట్టండి. లోపల జరిగేది కంటికి కనబడితేనే బుర్రకెక్కుతది.

ఇప్పుడు అసలు లైను:

ఇంట్ ఎన్;
సిన్ >> ఎన్;
జిల్లా* జాబితా = న్యూ జిల్లా[ఎన్];

ఎన్‌కి 33 ఇస్తే ఏమైతది? మూడు పనులు వరుసగా జరుగుతయ్.

ఒకటి: 33 ఆబ్జెక్ట్‌లకు సరిపడా చోటు హీప్‌లో ఒకే ముక్కగా తీసుకుంటుంది. 64 బిట్ జీసీసీలో స్ట్రింగ్ 32 బైట్లు, ఇంట్ 4 బైట్లు. వరుసలో సరిగ్గా అమరడానికి ఇంకో 4 బైట్లు కలిపి ఒక్కో జిల్లా 40 బైట్లు. 33 ఇంటూ 40, మొత్తం 1320 బైట్లు. వేరే కంపైలర్‌లో ఈ లెక్క మారొచ్చు. సైజ్‌ఆఫ్ వేసి మీరే చూసుకోండి.

రెండు: ఆ చోటులో ప్రతి ఆబ్జెక్ట్‌కి కన్‌స్ట్రక్టర్ నడుస్తది. సున్నా నుంచి 32 దాకా వరుసగా. స్క్రీన్ మీద 33 సార్లు "పుట్టింది" అని వస్తది.

మూడు: మొదటి ఆబ్జెక్ట్ అడ్రెస్ మనకు ఇస్తది. దాన్నే జాబితా అనే పాయింటర్‌లో పెట్టుకున్నాం.

సి నేర్చుకొని వచ్చినోళ్లు ఇక్కడ మాలక్ వాడుతుంటారు. మాలక్ మొదటి పని ఒక్కటే చేస్తది, ఉత్త చోటు ఇస్తది. కన్‌స్ట్రక్టర్ నడవదు. అంటే ఆ చోటులో స్ట్రింగ్ ఇంకా పుట్టనే లేదు. పుట్టని స్ట్రింగ్‌లో "నల్గొండ" అని పెట్టబోతే ప్రోగ్రాం ఏమైనా చేయొచ్చు. ప్లాట్ వేరు, ఇల్లు వేరు కదా. మాలక్ ప్లాట్ ఇస్తది, న్యూ ఇల్లు కట్టి తాళం చేతికిస్తది.

ఒకవేళ మెమరీ దొరకకపోతే? న్యూ మామూలుగా నల్ ఇవ్వదు, బ్యాడ్ అలాక్ అనే ఎక్సెప్షన్ విసురుతది. కాబట్టి న్యూ తర్వాత "నల్ వచ్చిందా" అని ఇఫ్ పెట్టి చూసినా లాభం లేదు. ట్రై, క్యాచ్ పెట్టాలి.

రెండు తప్పులు, చాలామంది చేసేవి

మొదటిది కన్‌స్ట్రక్టర్ దగ్గర. మీ క్లాస్‌లో పేరు, మండలాలు రెండూ తీసుకునే కన్‌స్ట్రక్టర్ మాత్రమే రాశారనుకోండి. అప్పుడు న్యూ జిల్లా[ఎన్] కంపైల్ కాదు. ఎందుకు? 33 ఆబ్జెక్ట్‌లు పుట్టించమన్నారు గానీ ఏ విలువలతో పుట్టించాలో చెప్పలేదు. మీరు ఒక్క కన్‌స్ట్రక్టర్ రాసినా చాలు, కంపైలర్ తనంతట తాను ఇచ్చే డిఫాల్ట్ కన్‌స్ట్రక్టర్ ఇక ఇవ్వదు. పరిష్కారం సింపుల్: ఆర్గ్యుమెంట్లు లేని కన్‌స్ట్రక్టర్ కూడా రాయండి, లేదా ఉన్నదానికే డిఫాల్ట్ విలువలు పెట్టండి.

రెండోది చుక్కకీ బాణానికీ మధ్య గందరగోళం. జాబితా పాయింటర్ కదా అని జాబితా[0]->పేరు అని రాస్తారు. ఎర్రర్ వస్తది. జాబితా అనేది పాయింటరే, కానీ జాబితా[0] అనేది పాయింటర్ కాదు, సాక్షాత్తూ ఆబ్జెక్ట్. ఆబ్జెక్ట్‌కి చుక్క పెట్టాలి:

జాబితా[0].పేరు = "నల్గొండ";

పాయింటర్ల అర్రే తీసుకుంటే అప్పుడు బాణం వస్తుంది. అది వేరే పద్ధతి.

తిరిగి ఇచ్చేటప్పుడు

పని అయిపోయింది. తిరిగి ఇవ్వాలి. లైను ఇది:

డిలీట్[] జాబితా;

ఆ ఖాళీ బ్రాకెట్లు మర్చిపోవద్దు. ఈ లైను నడిస్తే 33 సార్లు "పోయింది" వస్తది. డిస్ట్రక్టర్లు వెనక నుంచి ముందుకు, 32 నుంచి సున్నా దాకా నడుస్తయ్. ఆ తర్వాత మొత్తం చోటు ఖాళీ అయితది.

ప్రతి ఆబ్జెక్ట్‌కీ డిస్ట్రక్టర్ నడవాల్సిన అవసరం ఏముంది, చోటు మొత్తం ఒకేసారి వదిలేస్తే పోలే? ఇక్కడ మన జిల్లాల పేర్లే మంచి జవాబు చెప్తయ్.

జీసీసీలో స్ట్రింగ్ చిన్న పేర్లను తన 32 బైట్లలోనే దాచుకుంటది. 15 అక్షరాల దాకా అక్కడే పడతయ్. 16వ అక్షరం వచ్చిందంటే హీప్‌లో వేరేగా చోటు తీసుకుంటది. ఇప్పుడు ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో లెక్కపెట్టండి. నల్గొండ 8 అక్షరాలు, సూర్యాపేట 8, వనపర్తి 10, నారాయణపేట 10, నాగర్‌కర్నూల్ 12. అన్నీ లోపలే పట్టినయ్. జోగులాంబ గద్వాల? మధ్యలో ఉన్న స్పేస్‌తో కలిపి సరిగ్గా 16. ఒక్క అక్షరం ఎక్కువ. యాదాద్రి భువనగిరి అయితే 19. ఈ రెండు జిల్లాల పేర్లకు అర్రే బయట, హీప్‌లో ఇంకో చోట వేరే గదులున్నయ్.

డిస్ట్రక్టర్లు నడవకుండా అర్రే చోటు మాత్రమే వదిలేశారనుకోండి. నల్గొండ పేరు అర్రేతో పాటే పోతది. కానీ జోగులాంబ గద్వాల పేరున్న బయటి గది అట్లనే ఉండిపోతది. దాని అడ్రెస్ తెలిసిన ఆబ్జెక్ట్ లేదు, గది మాత్రం ఉంది. దాన్ని ఇక ఎవ్వరూ వాడలేరు, ఎవ్వరూ ఖాళీ చేయలేరు. మెమరీ లీక్ అంటే ఇదే. పొట్టి పేర్లతో టెస్ట్ చేస్తే ఈ లీక్ కనబడనే కనబడదు. పొడుగు పేరు వచ్చిన రోజే బయటపడతది. అందుకే ప్రతి ఆబ్జెక్ట్‌కీ డిస్ట్రక్టర్ నడవాలి.

సరే, డిలీట్‌కి మనం 33 అన్న సంగతి చెప్పలేదు కదా, దానికెట్లా తెలిసింది? మంచి ప్రశ్న, ఇంటర్వ్యూల్లో అడిగే ప్రశ్న. జీసీసీ, క్లాంగ్ లాంటి కంపైలర్లు డిస్ట్రక్టర్ ఉన్న క్లాస్ అర్రేకి ముందర ఇంకో 8 బైట్లు అదనంగా తీసుకుంటయ్. అందులో 33 అని రాసి పెట్టుకుంటయ్. అంటే 1320 కాదు, 1328 బైట్లు అడుగుతుంది. మనకిచ్చే అడ్రెస్ మాత్రం ఆ 8 బైట్ల తర్వాతది. డిలీట్[] అన్నప్పుడు 8 బైట్లు వెనక్కి వెళ్లి లెక్క చదువుకొని అన్ని డిస్ట్రక్టర్లు నడుపుతది.

ఇప్పుడు బ్రాకెట్లు లేకుండా ఉత్త డిలీట్ అన్నారు. స్టాండర్డ్ ప్రకారం ఇది అన్‌డిఫైన్డ్ బిహేవియర్, అంటే ఏం జరుగుతుందో ఎవరూ గ్యారంటీ ఇవ్వరు. జీసీసీలో మామూలుగా జరిగేది ఏమిటంటే, "ఇది ఒక్క ఆబ్జెక్టే" అనుకొని మొదటిదానికి మాత్రమే డిస్ట్రక్టర్ నడుపుతది. మిగతా 32 అట్లనే ఉంటయ్. ఆ తర్వాత వెనక ఉన్న 8 బైట్ల సంగతి తెలియక తప్పు అడ్రెస్‌ని వాపసు ఇస్తది. ఇన్‌వాలిడ్ పాయింటర్ అని ప్రోగ్రాం కూలుతది. ఇంట్ అర్రే మీద ఈ తప్పు చేస్తే చాలాసార్లు ఏమీ కానట్టే కనబడుతది. దాన్ని చూసి "బ్రాకెట్లు లేకున్నా నడుస్తది" అని అలవాటు చేసుకోవద్దు. కూలకపోయినంత మాత్రాన కరెక్ట్ అని కాదు.

కాబట్టి జతలు గుర్తుపెట్టుకోండి. న్యూకి డిలీట్. న్యూ[]కి డిలీట్[]. మాలక్‌కి ఫ్రీ. దీన్ని దానితో కలపొద్దు.

10 నుంచి 31కి పెంచాలంటే

డైనమిక్ అంటే అర్రే రబ్బరు లాగా సాగుతదని కొందరు అనుకుంటారు. సాగదు. న్యూ జిల్లా[10] అన్నాక అది 10 గదులే. పక్కన ఉన్న చోటు వేరేవాళ్లది అయి ఉండొచ్చు. మరి పెంచాలంటే? కొత్త ఇల్లు తీసుకొని సామాను మార్చాలి:

జిల్లా* కొత్తది = న్యూ జిల్లా[31];
ఫర్ (ఇంట్ ఐ = 0; ఐ < 10; ఐ++) కొత్తది[ఐ] = జాబితా[ఐ];
డిలీట్[] జాబితా;
జాబితా = కొత్తది;

లైన్ల క్రమం చాలా ముఖ్యం. చివరి రెండు లైన్లు తారుమారు చేస్తే ఏమైతది? జాబితా ముందే కొత్తదాన్ని చూపిస్తది. పాత 10 గదుల అడ్రెస్ పోయింది, లీక్ అయింది. ఆ తర్వాత వచ్చే డిలీట్[] కొత్త అర్రేనే పడగొడుతది. ఒక్క తారుమారుతో రెండు నష్టాలు.

సి లోని రీయలాక్ వాడొచ్చా? ఇట్లాంటి ఆబ్జెక్ట్‌లకు వద్దు. రీయలాక్ బైట్లను యథాతథంగా మోసుకుపోతది, కన్‌స్ట్రక్టర్లనూ డిస్ట్రక్టర్లనూ పిలవదు. జీసీసీ స్ట్రింగ్ చిన్న పేరు దాచుకున్నప్పుడు తన లోపలి చోటుకే తాను పాయింటర్ పెట్టుకుంటది. ఇల్లు మారినా ఆ పాయింటర్ పాత ఇంటినే చూపిస్తది.

వెక్టర్ కూడా చేసేది ఇదే

ఇదంతా చూశాక "ఇంత తిప్పలెందుకు, వెక్టర్ ఉంది కదా" అంటారు. కరెక్టే. నిజమైన ప్రాజెక్టుల్లో వెక్టరే వాడండి. అది తన డిస్ట్రక్టర్‌లో చోటుని తానే ఖాళీ చేస్తది, డిలీట్[] మర్చిపోయే బాధ లేదు. కానీ వెక్టర్ లోపల నడిచేది మనం ఇప్పుడు చూసిన కథే. ఇది తెలియకుండా వాడితే ఎక్కడ దెబ్బ తింటారో చూడండి.

వెక్టర్‌కి రెండు లెక్కలుంటయ్. సైజు అంటే ఇప్పుడు ఎన్ని ఉన్నయ్. కెపాసిటీ అంటే తీసుకున్న చోటులో ఎన్ని పడతయ్. జీసీసీలో చోటు నిండినప్పుడల్లా కెపాసిటీ రెట్టింపు అయితది. ఖాళీ వెక్టర్‌లో పుష్ బ్యాక్‌తో ఒక్కొక్కటి వేస్తూ పోతే 1, 2, 4, 8, 16, 32, 64.

మన జిల్లాలు వేద్దాం. 2014లో 10, కెపాసిటీ 16. 2016లో 31, కెపాసిటీ 32. ఇంకో గది ఖాళీ ఉంది. 2019లో ముందు ములుగు వేద్దాం. 32 అయింది, సరిపోయింది. తర్వాత నారాయణపేట. 33వది. చోటు లేదు! ఇప్పుడు వెక్టర్ 64 గదులున్న కొత్త చోటు తీసుకొని, పాత 32 జిల్లాలనూ అక్కడికి మార్చి, పాత చోటుని వదిలేస్తది.

ఇందులో ప్రమాదం ఏముంది? ములుగు, నారాయణపేట వేయకముందే మీరు ఇట్లా రాసి ఉన్నారనుకోండి:

జిల్లా* నల్గొండ = &జాబితా[7];

ములుగు వేశాక ఆ పాయింటర్ బాగానే పనిచేసింది. నారాయణపేట వేశాక అది పాత ఇంటిని చూపిస్తోంది. పాత ఇల్లు ఇప్పుడు మనది కాదు. నల్గొండని మీరు ముట్టుకోలేదు, మార్చలేదు. నారాయణపేట చేరినందుకు నల్గొండ పాయింటర్ చెడిపోయింది. దీన్ని డ్యాంగ్లింగ్ పాయింటర్ అంటారు. 32 దాకా అన్ని టెస్టులూ పాస్ అయి, 33వ దానికి దెబ్బ కొట్టే బగ్ ఇది. కారణం తెలియనోళ్లు రోజులకు రోజులు వెతుకుతారు. మీకు ఇప్పుడు తెలుసు. పాయింటర్ బదులు ఇండెక్స్ నంబర్ దాచుకుంటే ఈ బాధ ఉండదు, ఎందుకంటే ఇల్లు మారినా 7వ నంబర్ గది 7వ నంబర్ గదే.

ఒకటే గది చొప్పున ఎందుకు పెంచదు, రెట్టింపు ఎందుకు? లెక్క వేయండి. 33 దాకా ప్రతిసారీ ఒక్క గదే పెంచితే మొత్తం 528 సార్లు ఆబ్జెక్ట్‌లను మోయాలి. రెట్టింపు చేస్తూ పోతే 1, 2, 4, 8, 16, 32 కలిపి 63 సార్లే. లెక్క ముందే తెలిస్తే రిజర్వ్ అని పిలిచి 33 ఇవ్వండి, ఒక్కసారి కూడా మోయనక్కర్లేదు.

ఇది ఫోన్ వాడే మనకెందుకు?

లీక్ అయిన మెమరీ ప్రోగ్రాం ముగిశాక ఆపరేటింగ్ సిస్టం ఎట్లాగూ వెనక్కి తీసుకుంటది. అందుకే ల్యాబ్‌లో రెండు నిమిషాలు నడిచే ప్రోగ్రాంలో నష్టం కనబడదు. కానీ ఫోన్‌లో యాప్‌లు గంటలు గంటలు నడుస్తయ్. కొంచెం కొంచెం లీక్ అవుతూ పోతే ర్యామ్ నిండుతది. అప్పుడు ఆండ్రాయిడ్ చోటు కోసం కొన్ని యాప్‌లను తానే మూసేస్తది. వేరే యాప్‌లోకి పోయి వచ్చేసరికి సగం నింపిన ఫారం మొదటికి వచ్చిందంటే, ర్యామ్ చాలకపోవడం కూడా దానికి ఒక కారణం.

ఖాళీ చేసిన చోటుని మళ్లీ వాడడం ఇంకా పెద్ద ప్రమాదం. క్రోమ్ బ్రౌజర్‌కి మూలమైన క్రోమియం ప్రాజెక్ట్ 2020లో చెప్పిన లెక్క ప్రకారం, వాళ్ల తీవ్రమైన సెక్యూరిటీ లోపాల్లో దాదాపు 70 శాతం మెమరీని సరిగ్గా వాడకపోవడం వల్ల వచ్చినవే. ప్రపంచంలో పెద్ద పెద్ద ఇంజినీర్లు రాసే కోడ్‌లోనే ఇట్లా ఉందంటే, మొదటినుంచే మంచి అలవాటు చేసుకోవడం ఎంత అవసరమో ఆలోచించండి.

తప్పు పట్టుకోవడానికి ఒక ఉపాయం ఉంది. జీసీసీ, క్లాంగ్ రెండింటిలోనూ అడ్రెస్ శానిటైజర్ అనే ఆప్షన్ ఉంటుంది. దాన్ని ఆన్ చేసి కంపైల్ చేస్తే గది దాటి రాసినా, ఖాళీ చేసిన చోటు ముట్టుకున్నా, బ్రాకెట్లు మర్చిపోయినా ఏ లైనులో జరిగిందో చాలావరకు చెప్పేస్తది. లినక్స్‌లో లీక్‌లు కూడా చూపిస్తది.

హోంవర్క్

ఇప్పుడు మీ వంతు. విడిపోకముందు ఉమ్మడి నల్గొండలో 59 మండలాలు, ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో 64 మండలాలు. జిల్లా క్లాస్ లోపల మండలం అనే ఇంకో క్లాస్ అర్రే పెట్టాలి. ఫిక్స్‌డ్‌గా 60 పెడితే నల్గొండకి సరిపోతది, మహబూబ్‌నగర్‌కి నాలుగు తక్కువ పడతయ్. కాబట్టి ప్రతి జిల్లాకీ దాని లెక్క ప్రకారం న్యూతో తీసుకోండి. జిల్లా డిస్ట్రక్టర్‌లో మండలాలకు డిలీట్[] రాయండి. "పుట్టింది" ఎన్నిసార్లు వచ్చిందో "పోయింది" కూడా అన్నే సార్లు రావాలి. రెండు లెక్కలు కలిస్తే మీ ప్రోగ్రాం సరిగ్గా ఉన్నట్టు.

అంతా అయ్యాక చివర ఒక పని చేసి చూడండి. జిల్లా బి = ఏ; అని ఒక జిల్లాని ఇంకో దానిలోకి కాపీ చేయండి. ప్రోగ్రాం ముగిసేటప్పుడు కూలే అవకాశం చాలా ఎక్కువ. ఎందుకంటే ఇద్దరి దగ్గరా ఒకే మండలాల అడ్రెస్ ఉంది, ఇద్దరూ దాన్నే డిలీట్ చేయబోతారు. ఒక పొలానికి ఇద్దరి పేరు మీద పట్టా ఉన్నట్టు. దీన్ని కాపీ కన్‌స్ట్రక్టర్‌తో ఎట్లా సరిచేయాలో వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం.

ఏదన్నా లైను అర్థం కాకపోతే కింద కామెంట్‌లో ఆ లైనూ, మీకు వచ్చిన ఎర్రరూ రెండూ పెట్టండి. ఉత్త "రావట్లేదు అన్నా" అంటే చెప్పడం కష్టం. పనికొచ్చింది అనిపిస్తే మీ క్లాస్ గ్రూప్‌లో షేర్ చేయండి.